వగరు తీరే దాకా

కింగ్ వ్యాలీ, విక్టోరియా
29 ఆగస్టు, 1991

నా లల్లీకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గేటు దగ్గరి డబ్బాలోకి వాన నీళ్ళు దూరి కవరు ఒక మూల తడిసింది గానీ అక్షరాలు చెదరలేదు. ఆడపిల్ల అని చదివి అక్కడే నిలబడి నవ్వుకున్నాను. నీ ముక్కు, శ్రీపతిగారి చెవులు అని రాశావు. ఆ చెవుల్ని మీ పెళ్ళిలో దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టి పాప మీద కొంచెం జాలి కూడా కలిగింది. జుట్టు ఒత్తుగా పెంచు, కప్పుకుంటాయి.

నేనేం చేస్తున్నానని అడిగావు. వాల్తేరులో నాచు మొక్కల మీద ఎమ్మెస్సీ చేసిన నీ ఉదయలక్ష్మి ఇక్కడ ఒక ఇటలీ ముసలాయన వెనకాల కత్తెర పట్టుకుని ద్రాక్షతీగలు కత్తిరిస్తోంది. పేరు ఎట్టోరే. మేమున్న చిన్న ఇల్లు ఆయనదే, ఒకప్పుడు కూలీల కోసం కట్టించింది. ఈ లోయలో రైతులంతా ఇటలీ నుంచి వచ్చి పొగాకు వేసినవాళ్ళే. మొదటిసారి వచ్చినప్పుడు కారు కిటికీలోంచి పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కనిపించి, ఇంత దూరం ప్రయాణం చేసి మళ్ళీ ఒంగోలే వచ్చామా అనుకున్నాను. ఇప్పుడు పొగాకు కొనేవాళ్ళు తగ్గిపోతున్నారని ఒక్కొక్కళ్ళూ దాన్ని తీసేసి ద్రాక్ష వేస్తున్నారు. పొగాకు లేని ఊళ్ళో మా ఆయన లాంటి పొగాకు సైంటిస్టుతో పనేముంది? ఉపేంద్రకి పగలూ రాత్రీ అదే బెంగ. ఉద్యోగం కాంట్రాక్టు మీద నడుస్తోంది. పై ఆఫీసు వాళ్ళెవరైనా తుమ్మితే ఇక్కడ ఈయనకి జలుబు చేస్తుంది.

ఎట్టోరేదీ ఆయన భార్య నెల్లాదీ పీమోంటే అనే సీమలో లాంగే కొండలు. అక్కడ ఒక్కో కొండవాలుకీ ఒక్కో వైన్ ఉంటుందట. దోల్చెత్తో అనే ద్రాక్షతో చేసినది ఆ యేడు ఆ యేడే తాగెయ్యాలి, కూలి పనికి పోయేవాడి సద్దిలోకి. బార్బెరా పుల్లగా ఉంటుంది, ఆదివారం మాంసంలోకి. మూడోది నెబ్బియోలో. అన్నిటికంటే ముందు చిగురిస్తుంది, అన్నిటికంటే ఆఖర్న పండుతుంది. కొండల మీదికి పొగమంచు దిగే రోజుల్లో దాన్ని కోస్తారు. దాని పేరు కూడా ఆ పొగమంచు మీదే వచ్చిందంటాడు ఎట్టోరే. పొగాకు చేను అంచున ఆయన దాన్ని నాటినప్పుడు ఊరంతా నవ్వారట.

రంగు చూస్తే పల్చటి టీ. వాసన చూస్తే, మండుటెండలో రోడ్డుకి తారు పోస్తున్న చోట ఎవరో గులాబీల బుట్ట దించినట్టుంటుంది. ఇదెక్కడి జోడీ అనుకుని నోట్లో పెట్టుకుంటే పచ్చి వక్క నమిలినంత పని. కంగారు పడకు, మింగను, ఉమ్మేస్తాను. సరే, కొంచెం మింగుతాను. ఆ రుచికి ఎట్టోరేకి ఇంగ్లీషులో మాట దొరక్క, నాలుకని గోటితో గీరి చూపించేవాడు. మన 'వగరు' నేర్పాను. ఇప్పుడు పీపాలోంచి తీసి రుచి చూసిన ప్రతిసారీ తల అడ్డంగా ఊపుతూ "ఉదయా, ఇంకా వగరు" అంటాడు. ఎన్నాళ్ళకి తీరుతుందని అడిగాను ఒకసారి. "పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి" అన్నాడు.

ఇంత సేపూ ఏదేదో రాస్తున్నాను కదూ. అసలు మాట రాయలేక.

హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేస్తూ మనిద్దరం ఒక పేరు అనుకున్నాం. ఎవరికి ముందు ఆడపిల్ల పుడితే వాళ్ళదే ఆ పేరు అని పందెం వేసుకున్నాం. "పందెం నేను గెలిచా, నీహారిక అని పెట్టేస్తున్నా, ఏడవకు" అని రాశావు. లల్లీ, ఆ పేరు పెట్టకు. ఎందుకని అడగకు. ఇంకే పేరైనా పెట్టుకో. హిమజ బాగుంటుంది, మానస బాగుంటుంది, ఏదైనా బాగుంటుంది.

ఇది నీకు చేరేసరికి ఇరవై ఒకటో రోజు దాటిపోయి ఉంటుందని నాకు తెలుసు. మీకు ఫోను లేదు. అందుకని నిన్న సాయంత్రమే పోస్టాఫీసుకి పరిగెత్తాను, టెలిగ్రాం ఇద్దామని. కౌంటర్లో ఉన్న జోన్ పెన్సిల్ పట్టుకుని "ఏం రాయమంటావు, డియర్?" అంది. ఆ పేరు వద్దు అని రాస్తే మీ ఇంట్లో పదిమందీ చదువుతారు. ఎందుకు వద్దో అందులో పట్టదు. నా వెనక క్యూలో ఉన్నవాళ్ళు బూట్లు నేలకి రాస్తున్నారు. చివరికి 'అభినందనలు' అని ఇచ్చి వచ్చేశాను. అది నీకు ఈ ఉత్తరానికి ముందే అందుతుంది. ఉదయ ఒప్పుకుందని నువ్వు సంతోషపడి ఉంటావు.

పాపకి నా ముద్దులు.

నీ ఉదయ


కింగ్ వ్యాలీ
22 సెప్టెంబరు, 1991

లల్లీ,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చే దాకా ఆగుదామనే అనుకున్నాను. నిన్న మా ఇంట్లో జరిగింది చూశాక ఎవరికో ఒకరికి చెప్పకపోతే గోడలతో మాట్లాడతానేమోనని భయం వేసి కూర్చున్నాను.

మూడేళ్ళ కిందట నాకు గర్భం నిలవలేదని మావాళ్ళు నీకు చెప్పారు కదా. నిలిచింది లల్లీ. నెలలు నిండాయి, పుట్టింది. ఆడపిల్ల. ఆ పందెం గెలిచింది నేను.

అది ఏప్రిల్ చివర. ఇక్కడ ఆకులు రాలే కాలం. పొద్దున లేచేసరికి లోయంతా పొగమంచు, ఎదుటి కొండ ఉందో పోయిందో తెలిసేది కాదు. పురిటికి మా అత్తయ్య శేషుకుమారిగారు తెనాలి నుంచి వచ్చారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజునే ఎట్టోరే, నెల్లా వచ్చారు. నెబ్బియోలో కోతలు జరుగుతున్నాయి, ఆయన చేతులు మోచేతుల దాకా ఊదారంగు. చేతులు అలా ఉన్నాయని పాపని ముట్టుకోలేదు, వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. వాళ్ళ కొండల్లో ఒక అలవాటు ఉందట. ఇంట్లో బిడ్డ పుడితే ఆ యేటి నెబ్బియోలో వైన్ కొంత ఆ బిడ్డ పేరున పక్కన పెడతారు. పెరిగి పెద్దయ్యాక, పెళ్ళికో ఇంకో శుభానికో అది తీస్తారు. అప్పటికి గానీ ఆ వైన్ కూడా మనుషుల్లో పడదు. "పేరు చెప్పండి, పీపా మీద రాయాలి" అన్నాడు.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇరవై ఒకటో రోజు దాకా పేరు లేదని చెప్పమ్మా ఆయనకి. ముందే పిలిస్తే దిష్టి" అంది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఎట్టోరే నెల్లా మొహం చూశాడు. "అన్నాళ్ళు ఎలా ఆగుతుంది? రసం ఇవాళే పొంగుతోంది. పేరు లేని పీపా పెడితే నెల్లా నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు.

అత్తయ్య బాలింత కాయం నూరడానికి లోపలికి వెళ్ళింది. పొత్రం చప్పుడు వినబడుతూ ఉండగా నేను పాపని ఎత్తుకుని వరండాలోకి వెళ్ళి, దిగుతున్న ఎట్టోరేని ఆపి ఆయనకి మాత్రం వినబడేట్టు చెప్పాను. పాప చెవిలో కూడా చెప్పని పేరు. ఆయన రెండుసార్లు పలికి చూసుకుని, తల ఊపి, పొగమంచులోకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులే. పాలు తాగుతూ తాగుతూ పెదవులు నీలంగా తిరిగాయి. అంబులెన్సులో మెల్‌బోర్న్ తీసుకెళ్ళారు. గుండె లోపల పుట్టుకతోనే లోపమట. ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా అని డాక్టరు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఎవరిదో ఒకరిది తప్పయితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

"పేరు కూడా పెట్టని బిడ్డ. తలుచుకుని ఏడవకూడదు తల్లీ" అంది అత్తయ్య. అంటూ తనూ ఏడ్చింది, ఆవిడని నేనేం అనను. ఊరికి మాత్రం నిలవలేదని రాయించింది. ఉపేంద్ర కూడా అందరితో అదే అన్నాడు. అనగా అనగా మాకే అది నిజమైపోయింది. ఉయ్యాల ఎవరికిచ్చేశాడో నాకు తెలియదు. ఆ పేరు ఆయనకి తెలియదు.

ఎట్టోరే మాత్రం పీపా మీద సుద్దతో రాసిన పేరు చెరపలేదు. పాపని పాతిపెట్టిన రోజు కూడా నెల్లా ఆ మాట ఎత్తలేదు. ఈ చలికాలంలో ఆ వైన్ సీసాల్లోకి దించారు. ఒక సాయంత్రం వచ్చి చూస్తే బట్టలుతికే గదిలో చెక్కపెట్టె. దాని మీద నల్ల పెయింటుతో ఇంగ్లీషు అక్షరాల్లో నీహారిక, కింద 1988. ఎట్టోరే గుమ్మంలో టోపీ నలుపుకుంటూ, "ఇంకా వగరు ఉదయా. పడుకోనివ్వు" అన్నాడు. సబ్బుల అర కిందికి తోసి పాత దుప్పటి కప్పాను. బట్టలు ఉతుకుతూ ఒక్కోసారి కాలి బొటనవేలితో దాన్ని తాకేదాన్ని. అంతకంటే ఏం చేస్తాను.

నిన్న శనివారం ఉపేంద్ర బార్బీ పెట్టాడు, అంటే పెరట్లో నిప్పుల మీద మాంసం కాల్చి పెట్టే విందు. మెల్‌బోర్న్ నుంచి పై ఆఫీసు గ్రెగ్, ఆయనకి తెలిసిన మన తెలుగు డాక్టరు రామచంద్ర అంకుల్ వచ్చారు. ఆయన ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. ఆయన ఒక మాట వేస్తే గ్రెగ్ ఇంకెక్కడైనా సర్దుతాడని ఉపేంద్ర ఆశ. నేను లోపల పెరుగుపచ్చడి కలిపి గిన్నె పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి బల్ల మీద నల్ల సీసాలు వరుసగా ఉన్నాయి. బిరడాలు తీసి ఉన్నాయి. చెమట పట్టి ఉన్నాయి, ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టాడు కాబోలు.

నెబ్బియోలో వైన్‌ని చల్లబరిస్తే వగరు పదింతలు అవుతుంది. అంకుల్ ఒక గుక్క తాగి మొహం ముడిచి, "ఏమ్మా ఉదయా, ఇది వైనా, కరక్కాయ కషాయమా?" అన్నాడు. గ్రెగ్ గ్లాసు వెలుతురుకి పట్టి చూసి, "కలర్ చూసి మెత్తగా ఉంటుందనుకున్నా మేట్, పళ్ళు పీకేస్తోంది" అన్నాడు. అంకుల్ అందులో కోక్ పోసుకుని ఐస్ వేసుకుని, "ఆఁ, ఇప్పుడు పర్లేదు, తాగొచ్చు" అని నవ్వాడు.

ఉపేంద్ర కంగారుపడిపోయి, ఏదో ఒకటి చెప్పాలని లోపలికి పోయి పెట్టె మోసుకొచ్చి అందరికీ చూపించాడు. "మా లాండ్‌లార్డ్ తన వైన్‌కి మన ఇండియన్ పేరు పెట్టుకున్నాడు, చూడండి అంకుల్. ఉదయా, ఈ పేరు నువ్వే చెప్పావా ఆయనకి?"

"అవును, నేనే చెప్పాను" అన్నాను.

"బ్యూటిఫుల్ నేమ్" అన్నాడు గ్రెగ్.

పెరుగుపచ్చడి గిన్నె బల్ల మీద పెట్టాను. గరిటె మర్చిపోయానని మళ్ళీ లోపలికి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే అంకుల్ గ్లాసులో మిగిలింది గడ్డి మీద ఒంపి బీరు అడుగుతున్నాడు. నేను అరవచ్చు. ఆ సీసాలు లాక్కోవచ్చు. ఏమని చెప్పి లాక్కుంటాను? పుట్టనే లేదని చెప్పిన బిడ్డ వైన్ అనా? గరిటె తీసుకుని మళ్ళీ బయటికి వెళ్ళి వడ్డించాను. పచ్చడి బాగుందన్నారు.

నువ్వీపాటికి ఆ పేరు పెట్టేసి ఉంటావు. పెట్టేశానని రాస్తే ఏం చెయ్యాలో తెలియదు. పెట్టలేదని రాసినా ఏం చెయ్యాలో తెలియదు. ఊరికే చెబుతున్నాను, నా మాటలకి అడ్డు రానిదానివి కాబట్టి.

ఉదయ


కింగ్ వ్యాలీ
14 అక్టోబరు, 1991

నా పిచ్చి లల్లీ,

నీ ఉత్తరం అందింది. నా రెండో ఉత్తరం నీకు చేరకముందే రాశావు. "నోరు తెరిస్తే ఆగని ఉదయ ఒక్క మాటతో టెలిగ్రాం ఇచ్చిందంటే ఏదో ఉంది" అనుకుని బారసాల వాయిదా వేశావట. మీ అత్తగారికి తారాబలం కుదరలేదని చెప్పావట. తారాబలం సంగతి నీకేం తెలుసే, నీకు ఇవాళ ఏ వారమో కూడా తెలియదు. తర్వాత నా మొదటి ఉత్తరం చూసి, నేను మళ్ళీ రాసే దాకా పేరే వద్దన్నావు. ఇంట్లో అందరూ పాప, పాప అనే పిలుస్తున్నారని, శ్రీపతిగారు మాత్రం "మీ ఆస్ట్రేలియా ఫ్రెండు పర్మిషన్ వచ్చిందా?" అని రోజూ ఏడిపిస్తున్నారని రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మూసి కాసేపు బయటికి వెళ్ళాను.

ఇక్కడ జరిగింది చెబుతాను. బార్బీ అయిన నాలుగో రోజు నెల్లా గుడ్లు ఇవ్వడానికి వచ్చింది. కంచె పక్కన చెత్తకుండీలో సీసాలు చూసింది. ఉపేంద్ర ఆఫీసుకి బయలుదేరుతూ కారు తలుపు తీస్తున్నాడు. ఆవిడ గుడ్లబుట్ట నేల మీద పెట్టేసి, వచ్చీరాని ఇంగ్లీషులో, "పాప వైన్ తాగేశారా?" అంది. ఉపేంద్రకి అర్థం కాలేదు. "ఏ పాప?" అన్నాడు. "నీ పాప" అంది నెల్లా.

నేను బట్టలుతికే గదిలో ఉన్నాను. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కారు తాళాలు అలాగే ఉన్నాయి.

"పేరు పెట్టావా?"

"పెట్టాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇరవై ఒకటో రోజున చెబుదామనుకున్నాను."

 ఉత్త పెట్టె మీద కూర్చోబోయి, అక్షరాలు కనబడి లేచాడు. గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. ఆఫీసుకి వెళ్ళలేదు. ఇన్నేళ్ళూ ఈయనకి గుర్తు లేదనుకున్నాను లల్లీ. ఆ రోజు తనంతట తను చెప్పాడు. ఉయ్యాల ఎవరికీ ఇవ్వలేదట. ఎట్టోరే పాత బ్యారన్‌లో కర్రల వెనకాల దాచాడట. ఎప్పుడైనా నాకు కనబడుతుందేమోనని భయపడుతూనే ఉన్నాడట, పారెయ్యడానికి మాత్రం చేతులు రాలేదట. ఒకే పెరట్లో ఆయన దాచింది ఆయనకి, నేను దాచింది నాకు.

సాయంత్రం ఎట్టోరే దగ్గరికి నడిచాం. ఉపేంద్ర దారంతా క్షమాపణ ఇంగ్లీషులో తయారుచేసుకున్నాడు. ఎట్టోరే తీగలు కడుతున్నవాడు తల తిప్పకుండా అంతా విని, "చల్లగా ఇచ్చావా?" అన్నాడు.

"ఫ్రిజ్‌లో పెట్టాను."

"ఇంకా?"

"ఒకాయన కోక్ కలుపుకున్నాడు."

ఎట్టోరే అప్పుడు కట్టడం ఆపాడు. వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, నెల్లా ఆయన భుజం మీద కొట్టింది కాబట్టి మంచి మాట అయి ఉండదు. తర్వాత మమ్మల్ని ఇంటి కింద అరలోకి తీసుకెళ్ళాడు. మట్టి నేల, చల్లదనం, పాత పొగాకు వాసన. గోడ వారన ఇంకో పెట్టె. దాని మీదా అదే పేరు, అదే నల్ల పెయింటు. "మా కొండల్లో తండ్రికి అన్నీ ఇవ్వరు. సగమే ఇస్తారు. తండ్రులు ఆగలేరు, తాగేస్తారు. మా నాన్న కూడా నావి తాగేశాడు" అన్నాడు. ఉపేంద్ర నవ్వబోయాడు, నవ్వు మధ్యలో విరిగిపోయింది. చేత్తో పెట్టె మీది అక్షరాలు ఒక్కొక్కటీ తడిమాడు.

"ఎప్పుడు తియ్యాలి?" అని అడిగాడు.

ఎట్టోరే భుజాలు ఎగరేశాడు. "పెద్దయ్యాక" అన్నాడు. తర్వాత ఆ మాట తనకే వినబడినట్టుంది, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు బ్యారన్ పక్కన ఉపేంద్ర ఆ పేరు ఒకసారి పైకి అన్నాడు. పెద్దగా కాదు, లోపలి గదిలో ఉన్న ఎవరినో పిలిచినట్టు. నేను "ఊఁ" అన్నాను. అంతే.

మేము క్రిస్మస్ తర్వాత ఇక్కడ ఉండం. ఆఫీసు మూసేస్తున్నారని ఖాయమైంది. అంకుల్ చెప్పిన మాట పనిచేసిందో ఏమో, ఉపేంద్రకి మెల్‌బోర్న్‌లో ఒక ల్యాబ్‌లో చిన్న ఉద్యోగం వచ్చింది. పెట్టె తీసుకెళ్ళలేం. కొండదారిలో కుదుపులకి అది పాడవుతుంది, అద్దె ఫ్లాటులో ఎండాకాలం ఉడికిపోతుంది. పాప ఉన్న చోటు కూడా ఈ ఊళ్ళోనే. రెండూ ఇక్కడే వదిలేసి వెళ్ళాలి. మనం ఎక్కడున్నా దాని పాటికి అది చీకట్లో వగరు తగ్గించుకుంటూ ఉంటుంది. ఆపమన్నా ఆగదు, తొందరపడమన్నా పడదు. ఎవరికోసమని అడిగే దిక్కు లేదు.

ఇక నీ పాప. పుట్టి ఇన్నాళ్ళయింది, ఇంకా పేరు లేకుండా ఉండకూడదు. నా కోసం అసలే ఉండకూడదు. పేరు కోసం ఆగిన ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీహారిక అనే పెట్టు. జాలిపడి మార్చకు, నా రెండో ఉత్తరం చదివి భయపడకు, దిష్టి అనుకోకు. ఆ పేరుతో ఒక పిల్ల పరిగెత్తాలి, బడిలో హాజరు పలకాలి, నీ చేత తిట్లు తినాలి. బియ్యంలో శ్రీపతిగారి చేత రాయించు. నువ్వు చెవిలో చెప్పు. గట్టిగానే చెప్పు, ఇంట్లో అందరికీ వినబడనీ.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నాకు రాసే ఉత్తరాల్లో కొన్నాళ్ళు పాప అనే రాయి.

నీ ఉదయ